ఈ రోజు గ్యాలీ ఎవరిది?

(విజయనగరంలో డిగ్రీ విద్యార్థులతో మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ముందు పెంగ్విన్ల సంగతి తేల్చేస్తాను. ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న అదే, అది చెప్పకపోతే మీరు మిగతాది వినరు. అంటార్కిటికాలో పదమూడు నెలలున్నాను, చూసింది ఒక్క పెంగ్విన్‌ని. అది కూడా దారి తప్పి వచ్చింది. నేనున్న మైత్రి, అంటే అక్కడి మన దేశపు పరిశోధన కేంద్రం, ఓడ ఆగే మంచు అంచు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. పెంగ్విన్ తిండంతా సముద్రంలోనే, అంత దూరం నడిచొచ్చి మా పప్పన్నం తినాల్సిన ఖర్మ దానికేంటి. ఆ వచ్చిన అడేలీ పెంగ్విన్ మా జనరేటర్ గది వైపు కాసేపు చూసి, వచ్చిన దిక్కుకి కాకుండా ఇంకో దిక్కుకి నడుచుకుంటూ పోయింది. దాన్ని ఆపకూడదు, దారి మళ్లించకూడదు, దగ్గరికి వెళ్లకూడదు, రూలు. ఇరవై మందిమి వరసగా నిలబడి ఊరికే చూశాం. ఆ రాత్రి ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇక నేనెవరినంటే, శాస్త్రవేత్తని కాదు. మీ ప్రిన్సిపాల్ గారు పరిచయంలో కాస్త పెద్ద మాటలు వాడారు గానీ, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి పరికరాల రిపేరు పనిలో పడ్డవాణ్ణి. మైత్రిలో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, వాళ్ల భూకంప నమోదు కేంద్రం ఉంది, 1997 నుంచీ నడుస్తోంది. అలాంటి పరికరాల్ని ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలి. పెళ్లి కాలేదు, పళ్లు బాగున్నాయి, వెళ్లాను. నవ్వకండి, పళ్లు నిజంగానే చూస్తారు. అక్కడ డెంటిస్టు ఉండడు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు చేస్తారు, ఒంట్లో ఏ మూల ఏముందో వదలరు. మానసిక నిపుణులు కూడా ప్రశ్నలు వేస్తారు. నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, కాకపోతే నాలుగు రకాలుగా అడిగారు: నీకు కోపం ఎప్పుడొస్తుంది? నాకు కోపం రాదు సార్ అన్నాను. రాసుకున్నారు. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి. తర్వాత ఉత్తరాఖండ్‌లో ఔలీ అనే చోట ఐటీబీపీ వాళ్లు, అంటే ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసులు, మంచులో శిక్షణ ఇస్తారు, నడుముకి తాడు కట్టుకుని నడవడం, మంచు పగులులో పడ్డవాణ్ణి పైకి లాగడం, ఇలాంటివి. ఆ తర్వాత బట్టలూ బూట్లూ బ్యాగులూ వాక్యూమ్ క్లీనర్ పెట్టి జేబుల అడుగుల దాకా పీల్చేస్తారు, ఎందుకంటే ఒక్క గింజ కూడా ఆ ఖండం మీదకి పోకూడదు. నా పాత బ్యాగుకి వెల్క్రో పట్టీ ఉంది, చర్రుమని ఊడుతుంది చూడండి అది, దాని పోగుల్లోంచి పట్టకారుతో మూడు ఉత్తరేణి గింజలు తీసి నా అరచేతిలో పెట్టారు. మా ఊళ్లో గేదెల్ని తోలుకెళ్లే దారిలో పంచెకి అంటుకుంటాయి అవి. హైదరాబాదు, ఢిల్లీ, ఔలీ అన్నీ తిరిగి అక్కడిదాకా వచ్చాయి నాతోపాటు.

కేప్‌టౌన్ నుంచి ఇల్యూషిన్-76 అనే రవాణా విమానంలో ఎక్కించారు, అయిదారు గంటల ప్రయాణం, బయటికి చూద్దామంటే సరైన కిటికీ లేదు, సామానుకీ మనకీ తేడా లేదు. దిగేది మంచు మీదే. రష్యావాళ్ల నోవోలజారెవ్‌స్కయా కేంద్రం దగ్గర నీలం రంగు మంచుని చదును చేసి రన్‌వే చేశారు. పొద్దున కేప్‌టౌన్‌లో చొక్కా మీద టీ తాగినవాళ్లం, దిగేలోపల ఆ దిండు లాంటి సూట్లలో దూరి, గుమ్మంలో నిలబడితే ముందు కళ్లు మూసుకుపోయాయి. చలి కాదు, వెలుతురు.

మైత్రి ఉన్న చోటుని షిర్మాకర్ ఒయాసిస్సు అంటారు. 1939లో జర్మన్ యాత్రలో విమానం మీంచి దాన్ని చూసిన పైలట్ పేరు అది. ఒయాసిస్సంటే ఖర్జూరం చెట్లనుకునేరు. చుట్టూ మంచు, మధ్యలో సుమారు 35 చదరపు కిలోమీటర్ల వట్టి రాతి నేల, దాంట్లో వందకి పైగా చిన్నా పెద్దా చెరువులు. మన వాళ్లు రాతి నేల వెతుక్కోవడానికి కారణం ఉంది. మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రిని 1983-84లో మంచు పలక మీదే కట్టారు. ఏటికేడాది పైన మంచు పడుతూ పడుతూ కేంద్రం కిందకి కూరుకుపోయింది, 1990లో వదిలేశారు. అందుకని 1989లో మైత్రిని రాయి మీద, ఇనప కాళ్ల మీద ఎత్తి నిలబెట్టారు, గాలి మంచుని కింద నుంచి తోసుకుపోయేట్టు. మన గోదావరి లంకల్లో వరదకి భయపడి ఇంటి అరుగులు ఎత్తుగా కట్టుకుంటారే, అదే తెలివి.

రాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పేసి ముందుకెళ్తాను, ఇక్కడ జియాలజీ పిల్లలున్నారట. మీ కొండల్లో దొరికే ఖొండలైటు, చార్నొకైటు ఉన్నాయే, వాటి చుట్టాలు తూర్పు అంటార్కిటికా అంచున ఉన్నాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు కనుమలూ అక్కడి తీరమూ ఒకే కొండల పట్టీ. విడిపోయి దాదాపు 13 కోట్ల ఏళ్లయింది. మన రెండో కేంద్రం భారతి, 2012లో మొదలైంది, 134 ఓడ కంటైనర్లు కలిపి కట్టింది, అది ఆ వైపే, మైత్రికి 3,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దాని పక్కనే ఉన్న పెద్ద డిష్షు ఉపగ్రహాల నుంచి తీసుకున్న డేటా హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో ఉన్న ఇస్రో కేంద్రానికి వస్తుంది. నేను అక్కడికి వెళ్లలేదు, భారతిలో స్నానాలగది చాలా బాగుంటుందని మాత్రం విన్నాను, మైత్రి వాళ్లందరికీ ఆ విషయంలో కొంచెం కుళ్లు ఉంది.

సరే, అసలు సంగతి. కొత్త చోట అలవాటు పడటం.

నేను వెళ్లింది నవంబరులో, అక్కడ వేసవి మొదలయ్యేది అప్పుడే. నవంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా సూర్యుడు అస్తమించడు. రాత్రి రెండింటికి లేచి చూస్తే ఎండ కిటికీ మీద ఫెళ్లున కొడుతూ ఉంటుంది, ఒళ్లేమో మధ్యాహ్నమైంది లెమ్మంటుంది. మొదటి వారం ఎవరూ సరిగ్గా పడుకోరు, పడుకోకుండానే పని చేస్తారు, పైగా తెగ హుషారుగా ఉన్నామనుకుంటారు. ఆ హుషారులో నేను చేసిన మొదటి తప్పు ఎక్కువ బట్టలు వేసుకోవడం. చలికి భయపడి అయిదు పొరలు వేసుకుని సామాను మోశాను, లోపల చెమట పట్టింది, ఆగగానే ఆ చెమట చల్లబడింది, అరగంట వణికాను. పాతవాళ్లు చూస్తూనే ఉన్నారు, చెప్పలేదు. తర్వాత అడిగితే, చెబితే వినవు, ఒకసారి వణికితే వింటావు అన్నాడు మెకానిక్కు, హర్యానా ఆయన. రెండో తప్పు, దూరం. గాలిలో దుమ్ము లేదు, తేమ లేదు, ఎంత దూరపు కొండైనా గీసినట్టు కనిపిస్తుంది. అదిగో ఆ కొండ దాకా వెళ్లి టీ టైముకి వచ్చేస్తా అన్నాను. మంచు బండి మీద ఒక రోజు ప్రయాణమట అది. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తలుపు పిడి ముట్టుకున్నా, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇచ్చినా చిటుక్కుమని షాకు. రెండు నెలలయ్యేసరికి అందరం ఏ వస్తువునైనా ముందు మోచేత్తో తట్టి తర్వాత పట్టుకునేవాళ్లం. ఇంటికొచ్చాక మా అమ్మ చాలా రోజులు అడిగింది, ఫ్రిజ్‌ని ఎందుకురా అలా పొడుస్తావని.

మరుగుదొడ్డి గురించి చెప్పాలా వద్దా అనుకున్నాను. చెబుతాను, మీరు అడగడానికి మొహమాటపడతారు. అక్కడ నీళ్లు పోసే దొడ్డి కాదు, కాల్చేసేది. లోపల కాగితపు దొన్నె లాంటిది పరవాలి, పనయ్యాక పెడల్ తొక్కితే అది కింద కరెంటు పొయ్యిలోకి జారి, కాలి బూడిదవుతుంది. మాడ్రిడ్ ఒప్పందమని 1991లో చేసుకున్నారు, దాని ప్రకారం ఆ ఖండం మీద చెత్త వదలకూడదు, కాబట్టి ఆ బూడిద కూడా డ్రమ్ముల్లో ఓడెక్కి వెనక్కి రావాల్సిందే. దొన్నె పరవడం మర్చిపోతే ఏమవుతుందో మీ ఊహకి వదిలేస్తున్నాను. శుభ్రం చేసేది మర్చిపోయినవాడే. నేను ఒక్కసారి మర్చిపోయాను.

ఇదంతా చలి, ఎండ, మంచు. పది రోజుల్లో ఒళ్లు సర్దుకుంటుంది, నిజం. ఎక్కువ మంది అక్కడితో అలవాటైపోయిందనుకుంటారు. కానీ నన్నడిగితే నేను మైత్రి మనిషినైంది చలి అలవాటైనప్పుడు కాదు, డైనింగ్ హాల్లో బోర్డు మీద నా పేరు పడ్డప్పుడు.

తలుపు పక్కన తెల్ల బోర్డు ఒకటి ఉండేది. రోజూ దాని మీద ఒక పేరు. గ్యాలీ డ్యూటీ. గ్యాలీ అంటే ఓడలో వంటగది, అది ఓడ భాష, అక్కడా అదే వాడతారు. వంటకి వంటవాళ్లున్నారు, కానీ వాళ్లకి రోజూ ఒక మనిషి సాయం ఉండాలి, ఆ మనిషి వంతులవారీగా అందరిలోంచీ వస్తాడు. లీడర్‌కీ వంతుంది, డాక్టర్ గారికీ ఉంది, నలభై పేపర్లు రాసిన శాస్త్రవేత్తకీ ఉంది. ఆ రోజు నీ అసలు పని మానేసి, పొద్దున అయిదున్నరకి లేచి, టీ పెట్టి, బల్లలు తుడిచి, ఉల్లిపాయలు తరిగి, చపాతీ పిండి కలిపి, మూడు పూటలా గిన్నెలు తోమి, దొడ్లు కడిగి, చెత్తని ప్లాస్టిక్కు వేరు డబ్బాలు వేరు చేసి, రాత్రి పదింటికి వంటగది నేల తుడిచి దీపం ఆర్పాలి. కేంద్రం దాటి పోవడానికి కుదరదు. మా ఇంట్లో నేను తిన్న కంచం కూడా తీసేవాణ్ణి కాదు. సిగ్గుపడాల్సిన విషయమే, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మొదటిసారి నా వంతొచ్చినప్పుడు వేసవి జనం, అరవై మంది దాకా ఉన్నారు. వంటాయన బెంగాలీ, అందరం దాదా అనేవాళ్లం. పిండి నువ్వు కలుపు అని బేసిన్ నా ముందుకి తోశాడు. బేసిన్ అంటే పసిపిల్లకి స్నానం చేయించొచ్చు దాంట్లో. మోచేతుల దాకా పిండి, నుదుటి మీద చెమట, బయట మైనస్ పది. కలిపాను, ఆయన ఒత్తాడు, నేను కాల్చాను, బల్ల మీదకి వెళ్లాయి, అప్పుడు నేనొక ముక్క నోట్లో పెట్టుకుంటే తెలిసింది, ఉప్పు వెయ్యలేదు. అరవై మందిలో ఒక్కడు కూడా ఏమీ అనలేదు. మొహం కూడా పెట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు గ్యాలీ ఒక పెద్దాయనది, రాళ్ల శాస్త్రవేత్త, నాకు తండ్రి వయసు. పొద్దున్నే బోర్డు మీద నా పేరు తుడిచి తన పేరు రాసుకుని, దాని కింద చిన్నక్షరాలతో "ఈ రోజు ఉప్పుంటుంది" అని రాశాడు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రాత్రే మొదటిసారి ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను.

మార్చిలో ఓడ వెళ్లిపోతుంది. దానికి ముందు నెలన్నర కాన్వాయ్‌లు. మంచు అంచు నుంచి కేంద్రం దాకా, పిస్టన్‌బుల్లీ అనే గొలుసు చక్రాల బళ్లు వెనక స్లెడ్జీలు కట్టుకుని, ఏడాదికి సరిపడా తిండీ డీజిలూ లాగాలి. మామూలు డీజిల్ అక్కడి చలికి మైనంలా చిక్కబడిపోతుంది, అందుకని చలికి తట్టుకునే రకం తెస్తారు. డీజిల్ ఉంటే కరెంటు, కరెంటు ఉంటే నీళ్లు, వేడి, వంట, దొడ్డి, అన్నీ. చివరి విమానం, చివరి ఓడ వెళ్లాక మిగిలేది పాతిక మందిమి లోపు. ఇక నవంబరు దాకా ఎవరూ రారు, ఏం జరిగినా రారు. ఓడ వెళ్లిన రోజు పెద్ద ఏడుపులేం లేవు. దాదా ఆ పూట ఎప్పటిలాగే అరవై మందికి వండేశాడు. ఆ కూర మూడు రోజులు తిన్నాం.

తర్వాత కొన్నాళ్లకే ఉగాది. మామిడికాయ ఎక్కడుంటుంది, ఆమ్‌చూర్ పొడి. బెల్లం ఉంది, చింతపండు ఉంది. వేపపువ్వు మా అమ్మ ఎండబెట్టి చిన్న పొట్లం కట్టి ఇచ్చింది, తిండి సామాను లిస్టులో రాయించి, చూపించి తెచ్చుకున్నాను. పాతికమందికీ తలో చెంచా. తెలుగువాళ్లం ఇద్దరమే. హర్యానా మెకానిక్కు నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టి, మీరు పండగ రోజు ఇదెందుకు తింటారు అన్నాడు. ఏడాదంతా ఎలా ఉంటుందో ముందే చెప్పడానికి అన్నాను. జులైలో ఒక రోజు నన్నాపి, నీ పచ్చడి ఇంకొంచెం ఉందా అనడిగాడు.

నా పని గురించి చెప్పలేదు కదూ. కేంద్రానికి కాస్త దూరంగా, రాతి మీద చిన్న గది. అందులో నేలలోని గట్టి రాయికి ఆనించి సీస్మోమీటర్, అంటే భూమి కదలికని గీతగా నమోదు చేసే పరికరం, చుట్టూ థర్మోకోల్ పెట్టె, పక్కన డేటా పెట్టె, బ్యాటరీలు. సుమత్రాలో భూమి కదిలితే ఆ అల భూమి లోపల్నుంచి పదమూడు నిమిషాల్లో మా రాయిని తాకుతుంది. దక్షిణార్ధగోళంలో ఎటు చూసినా సముద్రమే, పరికరం పెట్టడానికి నేల తక్కువ, అందుకే అక్కడి నుంచొచ్చే ఆ గీత అంత విలువైనది. నేను చేసేది ఏమిటయ్యా అంటే, రోజూ పదింటికి నడిచి వెళ్లి, బ్యాటరీ వోల్టేజి చూసి, టైము సరిగ్గా పట్టుకుంటోందా చూసి, యాంటెనా మీద మంచు దులిపి, పుస్తకంలో రాసి రావడం. పెన్ను గడ్డకడుతుంది, పెన్సిల్‌తో రాయాలి. మీటర్ల మీద అంకెలు చలికి బద్ధకంగా మారతాయి, ఒక అంకె చెరిగి ఇంకోటి రావడానికి కాసేపు పడుతుంది, తొందరపడితే తప్పు అంకె రాసుకొస్తాం. ఇంకో తమాషా, ఆ పరికరానికి భూకంపమూ మనిషీ తేడా లేదు. నేను దగ్గరికి నడిచి వస్తుంటే నా అడుగులు కూడా గీతలో పడతాయి. రోజూ పదింటికి సన్నగా గుబురు గుబురుగా ఒక చిన్న గడ్డం మొలిచినట్టు, నేను వెళ్లిపోగానే మళ్లీ నున్నగా. మంచు బండి కదిలితే ఇంకా పెద్దది. బాగా చలి పెరిగిన రాత్రుళ్లు దూరంగా మంచు పగులుతుంది, అది కూడా పడుతుంది, ఆ గీతలు నాకు తర్వాత తర్వాత బాగా గుర్తుపట్టడం వచ్చేసింది.

మే ఆఖరి వారంలో సూర్యుడు వెళ్లిపోతాడు, జులై చివరి వారానికి గానీ రాడు. కటిక చీకటేం కాదు, మధ్యాహ్నం కాసేపు మనకి తెల్లవారుజామున నాలుగున్నరకి ఉన్నట్టు ఉంటుంది. ఆకాశంలో ఆ పచ్చటి వెలుగులు, అరోరాలు, మొదటి నాలుగు రోజులు ఫొటోలు తీశాం, తర్వాత ఎవరైనా అరోరా వచ్చిందని కేకేస్తే, తలుపెయ్యి చలొస్తోంది అనేవాళ్లు.

జూన్‌లో తుఫాను గాలి పట్టుకుంది, బ్లిజార్డ్. గంటకి 100 కిలోమీటర్లు దాటిన గాలి, దాంట్లో పిండి లాంటి మంచు. చెయ్యి చాపితే మోచెయ్యి కనిపించదు. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య తాడు కట్టి ఉంటుంది, అది వదలకుండా పట్టుకుని వెళ్లాలి. మా నీళ్లు పక్కనున్న ప్రియదర్శిని చెరువు నుంచి వస్తాయి, పైన మంచు గడ్డకట్టినా అడుగున నీళ్లుంటాయి, పంపుతో తోడతారు, పైపుకి వెచ్చగా ఉండటానికి లోపల హీటర్ తీగ చుట్టి ఉంటుంది. ఆ రాత్రి హీటర్ తీగకి కరెంటు పోయింది. ఎంతసేపు పోయిందో తెలీదు, చూసుకునేసరికి పైపు మధ్యలో ఎక్కడో బిరడా పడింది. ఎక్కడ? అదే కనిపెట్టాలి. నలుగురం తాడు పట్టుకుని వెళ్లాం, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, నేను, ఇంకా డాక్టర్ గారు, ఆయనెందుకంటే ఆ రోజు గ్యాలీ ఆయనది, నీళ్లు లేకపోతే ముందు ఇరుక్కునేది ఆయనే. పైపు మీద చెక్కతో తడుతూ వెళ్లాం, బోలుగా ఉన్న చోట ఒక చప్పుడు, గడ్డ ఉన్న చోట ఇంకో చప్పుడు. గాలి హోరులో వినిపించదు కాబట్టి డాక్టర్ గారు టోపీ తీసేసి పైపుకి చెవి ఆనించాడు. ఒక్క నిమిషం. చెవి తెల్లబడిపోయింది, తర్వాత వారం రోజులు తోలు ఊడింది. కానీ ఆయనే పట్టుకున్నాడు, ఇక్కడే, కొట్టండి అని. వేడి గాలి గన్ పెట్టి, వంతులవారీగా పది పది నిమిషాలు కాపడం పెట్టినట్టు పెట్టాం, తెల్లారేసరికి, అంటే గడియారంలో తెల్లారేసరికి, నీళ్లొచ్చాయి. స్టెతస్కోపు పెట్టి ఉండొచ్చుగా సార్ అని ఎవరో అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, మర్చిపోయాను అన్నాడు.

అందరూ అడుగుతారు, అక్కడ ఒంట్లో బాగోకపోతే ఎలా అని. మా పక్కింటివాళ్లు చెప్పుకునే కథ ఉంది, కథ కాదు, జరిగింది. మేం నోవో అనే ఆ రష్యావాళ్ల నోవోలజారెవ్‌స్కయా కేంద్రం 1961లో మొదలైంది. ఆ ఏడాదే ఏప్రిల్ 29న అక్కడి డాక్టర్ లియొనిద్ రోగొజోవ్‌కి, 27 ఏళ్ల కుర్రాడు, అపెండిక్సు వాచింది. ఉన్న డాక్టరు అతనొక్కడే. వాతావరణం చూసేవాడు కోతని తెరిచి ఉంచే కొక్కేలు పట్టుకున్నాడు, డ్రైవరు అద్దం పట్టుకున్నాడు, తన కడుపు తనే కోసుకుని తీసేసుకున్నాడు. అద్దంలో అంతా తిరగేసి కనిపిస్తుంటే చాలావరకు చేతి స్పర్శతోనే చేశాడట. రెండు వారాల్లో మళ్లీ డ్యూటీ ఎక్కాడు. అది జరిగిన కేంద్రం మాకు నాలుగైదు కిలోమీటర్ల దూరం. మా డాక్టర్ గారికి అపెండిక్సు అంతకుముందే తీసేశారని తెలిసి మేమందరం చాలా సంతోషించాం.

కానీ నిజంగా భయపడేది జబ్బుకి కాదు, నిప్పుకి. చుట్టూ ప్రపంచంలోని మంచంతా ఉన్నా ఆర్పడానికి నీళ్లుండవు, గాలేమో ఎండుగడ్డిలా పొడి. 1960లో రష్యావాళ్ల మిర్నీ కేంద్రంలో మంటల్లో ఎనిమిది మంది పోయారు, 2012లో బ్రెజిల్ కేంద్రం కాలిపోయి ఇద్దరు. అందుకని రాత్రంతా ఒకరు మేలుకుని తిరుగుతారు, దానికీ వంతే.

ఇప్పుడు కోపం దగ్గరికొస్తాను. ఇలాంటి చోట్ల ఉండేవాళ్ల మీద పరిశోధన చేసినవాళ్లు ఒక మాట అంటారు, గడువుని నాలుగు పాదాలు చేస్తే మూడో పాదం కష్టమని. సగం అయిపోయిందన్న సంబరం తీరిపోతుంది, ఇల్లింకా దూరం. నాకు ఆగస్టులో వచ్చింది. ఎందుకొచ్చిందంటే, స్టీలు గ్లాసు. మా ఊరి నుంచి తెచ్చుకున్న గ్లాసు, అడుగున మా నాన్న పేరు చెక్కించి ఉంటుంది. అక్కడ అందరి కప్పులూ ఒక అరలో ఉంటాయి. ఒక రోజు రేడియో చూసే అతను దాంట్లో టీ తాగుతున్నాడు. అంతే. పొరపాటున తీసుకున్నాడు. నేను అరిచాను, నాకే తెలియని గొంతుతో అరిచాను, హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి వెళ్లిపోయాను. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అంతా అర్థమైంది. తర్వాత పదకొండు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. పాతిక మంది ఉన్నచోట పదకొండు రోజులంటే చాలా ఎక్కువ, ఎదురుపడకుండా ఉండే దారే లేదు. లీడర్ సాబ్ పంచాయతీ పెట్టలేదు, లెక్చర్ ఇవ్వలేదు. బోర్డు మీద నా పేరు పక్కన అతని పేరు రాశాడు, ఆ రోజు గ్యాలీకి ఇద్దరు కావాలట. బస్తా ఉల్లిపాయలు. ఎదురెదురుగా కూర్చుని తరుగుతూ ఇద్దరికీ కళ్లలో నీళ్లు, ముక్కులోంచి నీళ్లు, ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. ఆ గ్లాసు ఇప్పుడు అతని దగ్గరే ఉంది, నేనే ఇచ్చాను. ఊరికే కాదు, అతని మంచి చేతితొడుగులు తీసుకున్నాను.

నవంబరులో విమానం వచ్చింది, కొత్త టీము, టమాటాలు, జలుబు. శీతాకాలమంతా మా ఎవరికీ జలుబు లేదు, కొత్త క్రిమి వచ్చే దారి లేదు కాబట్టి. వాళ్లొచ్చిన నాలుగో రోజుకి పాతవాళ్లందరం ముక్కులు చీదుకుంటూ, పచ్చి టమాటాలు జాంపండు కొరికినట్టు కొరుక్కుంటూ తిరిగాం. వాళ్ల గొంతులు మాకు మరీ పెద్దగా వినిపించేవి. మా హాల్లోకి వచ్చి మా కుర్చీల్లో కూర్చుంటున్నారనిపించేది. ఒక కుర్రాడు అయిదు పొరలు వేసుకుని పెట్టెలు మోస్తున్నాడు. చూశాను. చెప్పలేదు.

ఆ కుర్రాడే నా పని తీసుకోవాల్సినవాడు, రాజస్థాన్ నుంచి వచ్చాడు. పది రోజులు వెంటబెట్టుకుని అన్నీ చూపించాను, పెన్సిలు, బద్ధకం అంకెలు, యాంటెనా ఎటువైపు నుంచి దులపాలి. ఆ పది రోజులూ గీత మీద పదింటికి గడ్డం కాస్త ఒత్తుగా ఉంటుంది, ఇద్దరం కాబట్టి.

హైదరాబాద్ వచ్చి నెలైందేమో, కంప్యూటర్‌లో మైత్రి డేటా చూసే పని పడింది. పదింటికి వెతికాను, ఉంది, సన్నగా. తర్వాతి రోజూ ఉంది. మా వాడు టైముకి వెళ్తున్నాడని సంతోషించాను. ఆ తర్వాతి రోజు లేదు. పదింటికి లేదు, పదకొండుకి లేదు, సాయంత్రం దాకా గీత నున్నగా ఉంది. గాలి కూడా లేదు ఆ రోజు, తుఫానై ఉంటే గీత మొత్తం గజిబిజిగా ఉండేది. పడ్డాడా, జ్వరమా, ఏమైంది. టెన్షన్ ఆగలేదు, ఉపగ్రహం ఫోను లైను కలిసేదాకా ప్రయత్నించి, ఎవరో ఎత్తితే, ఇవాళ మా కుర్రాడు పరికరం దగ్గరికి వెళ్లలేదు, ఏం జరిగిందని అడిగాను.

అవతల ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత నవ్వు. ఇవాళ గ్యాలీ అతనిది అన్నారు.

చపాతీల్లో ఉప్పుందా అని అడిగాను.

సరే, ఇంక మీ ప్రశ్నలు. పెంగ్విన్ గురించి కాకుండా.